ఆటో ట్రేసా, పెన్ టూలా: రేడియం కటింగ్‌కు ఏది మేలు?

నల్లగొండలో డిజైన్ పని చేసే మా లాంటి వాళ్ల దగ్గరికి గీతల ఫైలు పట్టుకొని వచ్చే గిరాకీ అరుదు. ఎక్కువ మంది పాత బోర్డును సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి, అవే అక్షరాలతో, అదే బొమ్మతో కారు అద్దానికో షాపు తలుపుకో రేడియం స్టిక్కర్ చేసి ఇమ్మంటారు. ఫొటో అంటే చుక్కల కూర్పు, స్టిక్కర్ కోసే యంత్రమైన ప్లాటర్ బ్లేడుకు కావలసింది గీత. చుక్కలను గీతగా మార్చడానికి మూడు దారులున్నాయి: సాఫ్ట్‌వేర్ చేతనే ట్రేస్ చేయించడం (ఆటో ట్రేస్), పెన్ టూల్‌తో మనమే గీయడం, అక్షరాలైతే సరిపోయే ఫాంటులో మళ్లీ టైపు చేయడం. నా తీర్పు ముందే చెబుతాను. తెలుగు అక్షరాలు బ్లేడు కిందికి వెళ్లేటప్పుడు ఆటో ట్రేస్‌ను నమ్మకూడదు. దానికి తగిన పనులు వేరే ఉన్నాయి, వాటిలో మాత్రం దాన్ని మించినది లేదు.

ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో ఆటో ట్రేస్ చేసే ట్రేస్ బిట్‌మ్యాప్ వెనుక పనిచేసేది పీటర్ సెలింగర్ రాసిన పోట్రేస్ అనే ప్రోగ్రాం. కోరల్‌డ్రాలో పవర్‌ట్రేస్, ఇలస్ట్రేటర్‌లో ఇమేజ్ ట్రేస్ ఇదే పనికి ఉన్నాయి. పోట్రేస్‌కు తెలిసినవి నలుపు, తెలుపు రెండే. ఎంత ముదురు చుక్కను నలుపుగా లెక్కించాలో మనం చెబితే, ఆ నలుపు అంచు వెంట అది గీత గీస్తుంది. ఇంక్‌స్కేప్‌లో ఆ హద్దు 0.45 దగ్గర ఉంటుంది. దాన్ని పెంచితే అక్షరం లావెక్కి ఖ, ఘ, హ వంటి వాటి లోపలి సందులు పూడిపోతాయి, తగ్గిస్తే గీతలు సన్నబడి తలకట్టు అక్షరం నుంచి విడిపోతుంది. ఎండ ఒక పక్కే పడిన ఫొటోలో ఈ రెండు తప్పులూ ఒకే బోర్డులో, ఎడమ చివర ఒకటి, కుడి చివర ఒకటి కనిపిస్తాయి కాబట్టి, బోర్డు మొత్తానికి పనికివచ్చే ఒక్క అంకె దొరకదు.

అంతకన్నా పెద్ద చిక్కు మరకలను తీసివేసే స్పెకిల్స్ అనే అమరికతో వస్తుంది. మఠంపల్లి నుంచి వచ్చిన ఒక పనిలో ఇది నాకు బాగా తెలిసివచ్చింది. ఫొటోలో దుమ్ము మచ్చలు చాలా ఉన్నాయని ఆ అంకెను బాగా పెంచి ట్రేస్ చేశాను. తెర మీద అంచులు శుభ్రంగా కనిపించాయి. స్టిక్కర్ కట్ చేసి, అనవసరమైన రేడియం ఒలిచి, పైన మాస్కింగ్ షీటు అంటించిన తరువాత చదివితే అది ‘మరంపల్లి’ అయి ఉంది. ఠ అక్షరం కడుపులోని చుక్కను సాఫ్ట్‌వేర్ మరక కింద లెక్కగట్టి తీసివేసింది. అలాగే థ లో చుక్క పోతే రథోత్సవం కాస్తా రధోత్సవం అవుతుంది, జాతర బండికి ఆ స్టిక్కర్ అంటించాక చూసేవాళ్లు తప్పు రాసినవాడిదే అనుకుంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో ఐ, జె తలల మీద తప్ప విడి చుక్క ఉండదు. మన లిపిలో అక్షరం కడుపులోని చిన్న చుక్కే ఒక అక్షరాన్ని మరో అక్షరం నుంచి వేరు చేస్తుంది. మచ్చలు తీసే అమరికకు ఆ తేడా తెలియదు.

ఇక నోడ్ల సంగతి, అంటే గీతను పట్టి నిలిపే బిందువుల సంగతి. గుండ్రటి వంపుకు ఎన్ని నోడ్లు కావాలి? నాలుగు చాలు. పైన, కింద, ఎడమ, కుడి అంచుల్లో ఒక్కో నోడు పెట్టి, నోడు నుంచి బయటికి లాగి వంపును మలిచే హ్యాండిల్ పొడవును వ్యాసార్థంలో సుమారు 0.552 వంతు ఉంచితే, అలా వచ్చే బెజియే వంపు నిజమైన వృత్తానికి ఎంత దగ్గరగా వస్తుందంటే, 1 మీటరు వ్యాసార్థం ఉన్న పెద్ద వృత్తంలో కూడా తేడా 0.3 మిల్లీమీటరు దాటదు. మన అక్షరాలు దాదాపు అన్నీ వంపులే కాబట్టి తెలుగు రాతకు ఈ పద్ధతి చక్కగా కుదురుతుంది. ఠ లో గుండ్రని భాగానికి బయట నాలుగు, లోపల నాలుగు, చుక్కకు నాలుగు నోడ్లు పెట్టి, తలకట్టును విడిగా గీసి కలిపితే అక్షరం పూర్తవుతుంది. వాట్సాప్ నొక్కేసిన ఫొటో నుంచి ట్రేస్ చేసిన అదే ఠ కు ఎక్కడికక్కడ నోడ్లు పుట్టుకొస్తాయి, ప్రతి రెండింటి మధ్యా చిన్న మిట్టో పల్లమో ఉంటుంది. ఫ్లెక్స్ మీద ఇంకుతో వేసినప్పుడు, దూరం నుంచి చూసేవాళ్లకు అది తెలియకపోవచ్చు. కానీ బ్లేడు ప్రతి మిట్టనూ అలాగే కోస్తుంది, ఒలిచేటప్పుడు ఆ కొసలే లేచి, కొన్నిసార్లు చిన్న అక్షరం మొత్తం ఊడి వస్తుంది.

నోడ్లు తగ్గించే సింప్లిఫై కొడితే ఇవి పోతాయి కదా అని చాలామంది అంటారు. ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్, ఎల్ నొక్కితే నోడ్లు తగ్గే మాట నిజమే, వెంటవెంటనే నొక్కుతుంటే ఇంకా గట్టిగా తగ్గుతాయి. కానీ దానికి వంపు, మూల రెండూ ఒకటే. వంపు నునుపయ్యేలోపు తలకట్టు కొన మొద్దుబారుతుంది. ఒకసారి నొక్కి ఆగడం మంచిది, రెండోసారి చేయి వెళ్తోందంటే ఆ బొమ్మను పెన్‌తో గీయాలని అర్థం.

పెన్‌తో గీసేటప్పుడు ఫొటోను అడుగు లేయర్‌లో పెట్టి, పలుచబరచి, తాళం వేయాలి. నోడును వంపు మధ్యలో పెట్టకుండా అది తిరిగే చోట, అంటే అంచు చివరన పెట్టి, కంట్రోల్ పట్టుకొని హ్యాండిల్‌ను నిలువుగానో అడ్డంగానో లాగాలి. ఈ ఒక్క అలవాటుతోనే గీత నిలకడ మారిపోతుంది. గీత మందం అంతటా ఒకటే ఉన్న అక్షరమైతే రెండు అంచులూ గీయనక్కరలేదు. నడిమి గీత ఒకటి గీసి, మందం ఇచ్చి, చివర ఆ మందాన్ని అంచులుగా మార్చే స్ట్రోక్ టు పాత్ చేస్తే చాలు. తలకట్టు, గుడి, కొమ్ము ఒకసారి గీసి దాచుకుంటే తరువాతి అక్షరాలకు అవే వాడుకోవచ్చు. అయిదారు అక్షరాల పేరు నాకు సుమారు 20 నిమిషాలు పడుతుంది. ట్రేస్ చేసి, తప్పులు వెతికి, దిద్దడానికి అంతకన్నా తక్కువ పట్టిన రోజు నాకు గుర్తులేదు.

అయితే పాత బోర్డులోని అక్షరాలే కావాలని గిరాకీ పట్టుబట్టనప్పుడు ఈ రెండింటికన్నా టైపు చేయడమే మేలు. రామభద్ర, మండలి, పొన్నాల వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. గోలకొండ పత్రిక నడిపిన మన పాలమూరు ప్రాంతపు సురవరం ప్రతాపరెడ్డి పేరుతో ఉన్న సురవరం ఫాంటు కూడా వాటిలో ఒకటి. ఇక్కడ మరిచిపోకూడనిది ఒకటుంది. టైపు చేసిన అక్షరాన్ని పాత్‌గా, అంటే గీతగా, మార్చిన తరువాత వత్తు అక్షరం మీదికి ఎక్కి ఉంటుంది. నల్లగొండలోని ల్ల ను అలాగే ప్లాటర్‌కు పంపితే రెండు గీతలూ ఒకదాన్నొకటి కోసుకొని వత్తు ముక్కలవుతుంది. అందుకే రెండు ఆకారాలను ఒక్కటిగా కలిపే ఆదేశం, ఇంక్‌స్కేప్‌లో యూనియన్, కోరల్‌లో వెల్డ్, తప్పక వాడాలి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో చేసిన ఫైలును వేరే షాపుకు పంపేటప్పుడు ముందుగా కంట్రోల్, క్యూ నొక్కి కర్వులుగా మార్చకపోతే, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అది చదవడానికి వీలుకాని ఇంగ్లీషు గుర్తులుగా తెరుచుకుంటుంది.

ఆటో ట్రేస్ నెగ్గేది చేతి రాత దగ్గర. పెళ్లి పత్రిక కోసం తాత చేతితో రాసిన ఒక వాక్యం, సంతకం, కుంచెతో వేసిన బొమ్మ: వీటిలో గీత వణుకే అందం, పెన్ టూల్‌తో గీస్తే ఆ వణుకు చచ్చిపోతుంది. తెల్ల కాగితం మీద నల్ల సిరాతో రాయించి, 600 డీపీఐలో స్కాన్ చేసి, స్పెకిల్స్ తక్కువలో ఉంచితే పోట్రేస్ తీసిన గీతను దిద్దవలసిన పని పెద్దగా ఉండదు. ఫొటోయే గతి అయితే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమని అడగాలి, అలా పంపితే నాణ్యత తగ్గదు. ముగ్గును లేజర్‌తో ఒంటి గీతగా చెక్కాలంటే మాత్రం మామూలు ట్రేస్ పనికిరాదు, ఒక్కో గీతకు రెండు అంచులు ఇస్తుంది. 2020లో వచ్చిన ఇంక్‌స్కేప్ 1.0 నుంచి సెంటర్‌లైన్ ట్రేస్ ఉంది, అది నడిమి గీతనే పట్టుకుంటుంది. గీతలు కలిసే చోట్ల తడబడుతుంది కానీ, ఆ కూడళ్లను నోడ్ టూల్‌తో దిద్దడం తేలిక.

చీరల షాపుల అద్దాలకు పోచంపల్లి, పుట్టపాక డిజైన్లు అడిగినప్పుడు ట్రేసూ కాదు, వంపుల పెన్నూ కాదు. చిటికి పనిలో నూలును ముందే కట్టి రంగు వేసి తరువాత నేస్తారు కాబట్టి, ఆకారం అంచు మెట్లు మెట్లుగా, కొంచెం చెదిరి వస్తుంది. ట్రేస్ ఆ చెదురును వేలకొద్దీ నోడ్లుగా మారుస్తుంది, సింప్లిఫై చేస్తే మెట్లు పోయి డిజైన్ ఏ ఊరిదో తెలియకుండా పోతుంది. నేత కళాకారులు డిజైన్‌ను గ్రాఫ్ కాగితం మీద గళ్లలో వేసుకుంటారు, మనం చేయవలసిందీ అదే. గ్రిడ్ వేసి, గీతలు గళ్లకు అతుక్కునేలా స్నాప్ ఆన్ చేసి, తిన్నని గీతలతో డిజైన్‌లో నాలుగో వంతు మాత్రమే గీయాలి. దాన్ని క్లోన్ (అసలును మారిస్తే తానూ మారే నకలు) చేసి, హెచ్, వీ కీలతో తిప్పి మిగతా మూడు వంతులు నింపితే, మొదటి భాగంలో ఒక మెట్టు మార్చగానే నాలుగు మూలల్లోనూ మారుతుంది. ఇదే చిటికి పనితో నేసే తేలియా రుమాల్‌లో సంప్రదాయంగా ఉండేవి ఎరుపు, నలుపు, తెలుపు మాత్రమే కనుక రెండు రంగుల రేడియం చాలు, తెలుపుకు అద్దాన్ని ఖాళీగా వదిలేయవచ్చు. కట్ చేసే ముందు క్లోన్‌లను విడదీసి, ఒకే రంగులో ఆనుకొని ఉన్న గళ్లను యూనియన్ చేయాలి, లేకపోతే బ్లేడు గడి గడికీ విడిగా కోస్తుంది.