ఏఐకి ఇంటి పనుల జాబితా అప్పజెప్పాక

ఇంటి పనుల లెక్కలు చాట్‌జీపీటీ, జెమినీ లాంటి ఏఐ సహాయకుడితో చూసుకోవడం మొదలుపెట్టి ఏడాది దాటింది. మధ్యలో ఒకదాన్నుంచి ఇంకోదానికి మారాను, కొన్నాళ్లు రెండూ కలిపి వాడాను. కాబట్టి కంపెనీల పేర్లు పెట్టి మార్కులు వేయను, ఈ పద్ధతి మొత్తంగా ఎలా ఉందో చెబుతాను. మాది విజయవాడ. ఇంట్లో నేను, మావారు, స్కూలుకెళ్లే బాబు, రైల్వేలో రిటైరైన మా మామగారు. నాకూ ఉద్యోగం ఉంది.

ముందే చెప్పేస్తున్నా, పనులు గుర్తుచేస్తుందని దీన్ని మొదలుపెడితే వారంలో విసుగొస్తుంది. తలలో కలగాపులగంగా ఉన్నవాటిని విడదీసుకోవడానికైతే మాత్రం ఇంతగా పనికొచ్చేది నా ఫోన్లో ఇంకోటి లేదు.

రాత్రి గిన్నెలు సర్దాక మైకు నొక్కి, గుర్తొచ్చినవన్నీ వరస లేకుండా చెప్పేస్తాను. ఒక రోజు చెప్పింది దాదాపు ఇలా ఉంది: "గ్యాస్ బుక్ చేయాలి. మావయ్యగారి బీపీ మాత్రలు శుక్రవారానికి అయిపోతాయి. వంటింట్లో కుళాయి కారుతోంది, ప్లంబరు వస్తానని రాలేదు. బాబు బస్సు ఫీజు. అక్కావాళ్ల గృహప్రవేశానికి చీరకి ఫాల్ వేయించాలి, జాకెట్టు కుట్టించాలి. ఎల్‌ఐసీ." ఎల్‌ఐసీకి ఏం చేయాలో కూడా చెప్పలేదు. నోట్స్ యాప్‌లో అయితే ఇవన్నీ అలాగే పడి ఉండేవి. ఇది ఎదురు ప్రశ్నలు వేసింది. గృహప్రవేశం ఏ తేదీ? జాకెట్టు దర్జీకి ఇచ్చారా, ఇంకా లేదా? ఎల్‌ఐసీ ప్రీమియం నెలనెలా కడతారా, ఏడాదికోసారా? ఆ చివరి ప్రశ్న నాకు నచ్చింది. నెలవారీ ప్రీమియం అయితే గడువు దాటాక 15 రోజులే వెసులుబాటు, మిగతావాటికి 30 రోజులు. మాది ఏడాదికోసారి కట్టేది కాబట్టి ఆ వారం దాని గురించి కంగారుపడక్కర్లేదని తేలిపోయింది. జవాబులన్నీ విన్నాక గృహప్రవేశం తేదీ నుంచి వెనక్కి లెక్కేసి, అన్నిటికంటే ముందు దర్జీ దగ్గరికెళ్లమంది. నేనైతే గ్యాస్‌తో మొదలుపెట్టేదాన్ని.

కాకపోతే జాకెట్టుకి మూడు రోజులు చాలంది! పెళ్లిళ్ల సీజన్లో మూడు రోజుల్లో జాకెట్టు కుట్టిచ్చే దర్జీ ఎక్కడున్నాడో చెబితే నేనూ వెళ్తాను. పైగా ముందు చీర ఫాల్‌కి ఇవ్వమని, తర్వాత జాకెట్టు అని రాసింది. జాకెట్టు ముక్క ఆ చీరకే ఉంటుందని, ముందు దాన్ని కత్తిరించాలని దానికెలా తెలుస్తుంది? మన ఊళ్లో ఏ పనికి ఎన్నాళ్లు పడుతుందో, ఏది ముందో మనమే చెప్పాలి.

నేను చేసుకున్న మార్పుల్లో బాగా కలిసొచ్చింది ఒకటుంది. ప్రతి పని పక్కనా 'ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది' అని రాయమన్నాను. ఇంటి పనుల్లో చాలావరకు మనం చేసేవి ఉండవు, ఎవరో చేసేదాకా ఆగాల్సినవే. ప్లంబరు రావాలి, స్కూలువాళ్లు రసీదు పంపాలి, బ్యాంకువాళ్లు కేవైసీ అయిందో లేదో చెప్పాలి. వీటిని మన పనుల్లో కలిపేస్తే రోజూ కళ్లబడి గుండెల మీద కుంపటిలా ఉంటాయి. విడదీస్తే ఫోన్ చేయాల్సినవాళ్ల జాబితా తయారవుతుంది, ఆఫీసులో లంచ్ టైములో చకచకా అయిపోతుంది. ప్లంబరుకి వాట్సాప్ మెసేజ్ రాసిమ్మంటే మొదట్లో 'గౌరవనీయులైన' అంటూ తహసీల్దారుకి అర్జీ పెట్టినట్టు రాసేది. "అన్నా, రేపు పొద్దున్న పదింటికి రాగలవా? కుళాయి వాషర్ తెచ్చుకో" అని నమూనా ఇచ్చాక దారికొచ్చింది.

ఆ పేర్ల వరస చూస్తే ఇంకో సంగతి బయటపడింది. బయటివాళ్లను తీసేస్తే మిగిలినవన్నీ నా పేరు మీదే. మావారి పేరు మీద పాల బిల్లు ఒక్కటే! ఆ పట్టికని అలాగే స్క్రీన్‌షాట్ తీసి ఆయనకి పంపాను. ఇప్పుడు గ్యాస్, కరెంటు బిల్లు, కారు పొల్యూషన్ సర్టిఫికెట్ ఆయనవి. నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఇది జరగలేదు.

ఇక గుర్తుచేయడం సంగతి. మొదట వాడినదాన్ని మాత్రల విషయం గురువారం సాయంత్రం గుర్తుచేయమన్నాను. "తప్పకుండా గుర్తుచేస్తాను" అంది. గురువారం గడిచిపోయింది, ఫోన్ మోగలేదు. నిలదీస్తే క్షమాపణ చెప్పి, తనకు నోటిఫికేషన్లు పంపే వీలు లేదంది. ఇలా చాట్ చేసే ఏఐకి లోపల గడియారమేమీ నడవదు, మనం పలకరిస్తేనే పలుకుతుంది. టైముకి మోగాలంటే దానికి వేరే ఏర్పాటు తగిలించి ఉండాలి. చాట్‌జీపీటీలో అలాంటిది 2025 జనవరిలో వచ్చింది. జెమినీ గూగుల్ క్యాలెండర్‌లో, టాస్క్స్‌లో రాయగలదు. ఏది వాడినా, క్యాలెండర్ తెరిచి ఆ ఎంట్రీ నా కళ్లతో చూశాకే రిమైండర్ పెట్టినట్టు లెక్క. అది "పెట్టేశాను" అన్నంత మాత్రాన నమ్మను.

ఒకే చాట్‌ని నెలల తరబడి సాగదీస్తే ఇంకో చికాకు. ఎప్పుడో కట్టేసిన బస్సు ఫీజు మళ్లీ జాబితాలో తేలుతుంది. ఒక విడతలో అది చదవగలిగే దానికి హద్దుంటుంది, పాత మాటలు జారిపోతాయి. అందుకే అసలు జాబితా ఫోన్ నోట్స్‌లో ఉంచుకుని, ఆదివారం కొత్త చాట్ తెరిచి మిగిలిన పనులు అందులో అతికిస్తాను.

తిథుల జోలికి మాత్రం దాన్ని వెళ్లనివ్వకండి. మా అత్తగారి ఆబ్దికం ఎప్పుడొస్తుందని అడిగితే తడుముకోకుండా ఒక తేదీ చెప్పింది. మామగారు పంచాంగం తీసి ఒక రోజు తేడా ఉందన్నారు. ఆబ్దికానికి అపరాహ్ణంలో ఉన్న తిథిని పట్టించుకుంటారు, సూర్యోదయానికి ఉన్నదాన్ని బట్టి చెబితే కుదరదు. దానికితోడు అధిక మాసాలు. వినాయక చవితి 2025లో ఆగస్టు 27న వస్తే, అధిక జ్యేష్ఠం వల్ల 2026లో సెప్టెంబరు 14కి జరిగింది. పురోహితుడు ఖాయం చేసిన తేదీని నేనే క్యాలెండర్‌లో వేసుకుంటాను.

పెన్షన్ గడువు దగ్గరా అంతే. పెన్షనరు బతికే ఉన్నారని చూపే లైఫ్ సర్టిఫికెట్ నవంబరులో ఇవ్వాలంది. అది నిజమే, కానీ కేంద్ర పెన్షనర్లలో 80 ఏళ్లు నిండినవాళ్లు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. మామగారి వయసు చెప్పి మరీ అడిగినా ఆ ముక్క చెప్పలేదు. తెలిసినవాళ్లు చెబితే అక్టోబరులోనే ఫోన్లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ (ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్) పూర్తిచేశాం.

తెలుగులో మాట్లాడితే బాగానే పట్టుకుంటుంది, మన ఇంగ్లీషు కలిసిన తెలుగైనా సరే. షాపుల పేర్లు, మందుల పేర్లు మాత్రం ఒకటి చెబితే ఇంకోటి రాస్తుంది, కాబట్టి మందులు టైప్ చేస్తాను. ఆధార్ నంబరు, ఓటీపీ, బ్యాంకు వివరాలు ఎప్పుడూ చెప్పలేదు, మీరూ చెప్పకండి. మన మాటల్ని శిక్షణకు వాడొద్దని సెట్టింగుల్లో ఆఫ్ చేసుకునే వీలుంటే చేసేయండి.

డబ్బు కట్టి కూడా చూశాను. ఇంటి పనుల వరకు ఉచితంగా వచ్చేదానికీ దానికీ నాకు తేడా కనబడలేదు, అందుకే మానేశాను. ఆఫీసు ఫైళ్లు కూడా దాంతోనే చదివించుకునేవాళ్లకి కట్టడం దండగ కాకపోవచ్చు.