ఇనుముకు పరుపు వేస్తే

స్పాంజి మీద నా కోపం 2014 నాటిది, ఇంకా చల్లారలేదు. పాత వడ్రంగి పనిముట్లు సేకరించే మిత్రులు ఈమధ్య తమ సొరుగుల ఫోటోలు పంపి ఎలా ఉన్నాయని అడుగుతున్నారు. నల్లటి స్పాంజిని ఒక్కొక్క ఉలి ఆకారంలో కత్తిరించి, నగల పెట్టెలో హారాల్లా వాటిని పడుకోబెడుతున్నారు. చూడటానికి ఎంత ముచ్చటగా ఉంటుందో నాకు తెలుసు. 2012లో నేనూ అదే చేశాను. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ అదే చెయ్యమని చెప్పాను. నా మాట విన్నవాళ్ళకు క్షమాపణ బాకీ ఉన్నాను.

మాది విశాఖపట్నం. ఇంటి నుంచి సముద్రం నడిచి వెళ్ళేంత దూరం. నా దగ్గర చెక్కను నునుపు చేసే చిత్రికలు, ఉలులు, చెక్క చెక్కే బాడిసలు, రంపాలు, మూలమట్టాలు కలిపి నలభైకి పైగా ఉన్నాయి. సగం పాత ఇనుప కొట్లలో తూకానికి కొన్నవే. అన్నిటిలోకీ నా ప్రాణం ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో తయారైన, రికార్డ్ కంపెనీవారి 05 నంబరు చిత్రిక. ఒకసారి హైదరాబాద్ వెళ్ళినప్పుడు జుమ్మేరాత్ బజారులో, తుప్పు తాళాలకూ మిక్సీ జార్లకూ మధ్య కనిపించింది. అదే దుకాణంలో ‘కాస్ట్ స్టీల్’ అని ముద్ర ఉన్న ఉలి కూడా ఉంది. పోత ఇనుమనుకుని అమ్మేవాడు చవగ్గా ఇచ్చేశాడు. నిజానికి అది మూసలో, అంటే మూత బిగించిన మట్టి పాత్రలో, కరిగించిన ఉక్కు. షెఫీల్డ్‌లో ఆ పద్ధతికి ఆద్యుడు బెంజమిన్ హంట్స్‌మన్, 1740ల నాటి మాట. మూసలో ఉక్కు చేయడం మనవాళ్ళకు అంతకు శతాబ్దాల ముందే తెలుసు, నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు పర్షియా దాకా వెళ్ళేది. ఈ చరిత్రంతా అతనికి చెబితే ధర పెంచుతాడని నోరు మూసుకుని డబ్బులిచ్చి వచ్చాను.

ఇక బీరువా సంగతి. ఆరు సొరుగుల స్టీలు బీరువా, తాళం, చక్కటి రంగు. దానిలోపల స్పాంజి కత్తిరించడానికే రెండు నెలల ఆదివారాలు ఖర్చయ్యాయి. మొదటి రెండేళ్ళు ఏమీ కాలేదు. మోసమంతా అక్కడే ఉంది. అప్పట్లో ప్రతి వారం ఏదో ఒకటి చేస్తూ వాటిని బయటికి తీసేవాణ్ణి. బాగున్నది బీరువా వల్లనే అనుకున్నాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. కిటికీ అద్దాలు పగిలి గదిలోకి ఉప్పునీటి జల్లు కొట్టింది. రోజుల తరబడి కరెంటు లేదు. తాగే నీళ్ళకు బిందెలు పట్టుకుని తిరిగే సమయంలో ఉలులు ఎవరికి గుర్తుంటాయి? బీరువా మూసే ఉంది, లోపలికి చుక్క నీరు పోలేదు. పైన తుడిచి ఊరుకున్నాను.

నవంబరులో సొరుగు లాగితే పైనుంచి అంతా తళతళలాడుతోంది. హమ్మయ్య అనుకుంటూ చిత్రికను చేతిలోకి తీసుకున్నాను. అడుగు తిప్పి చూస్తే, స్పాంజికి ఆనిన మేరంతా ఎర్రటి తుప్పు. స్పాంజి రంధ్రాలు ఒక్కొక్కటీ అచ్చు గుద్దినట్టు పడ్డాయి. ఉలులూ అంతే, పైన అద్దం, వెన్ను మీద ఇటుక పొడి. ఆ సాయంత్రం అన్నం తినలేదంటే మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

కారణం తర్వాత అర్థమైంది. స్పాంజి గాలిలోని చెమ్మను పట్టి ఉంచుతుంది. సముద్రపు గాలిలో ఉన్న ఉప్పు దానికి తోడైతే ఇక ఆరడమన్నది ఉండదు, ఆ ఉప్పే తేమను లాక్కుంటూ ఉంటుంది. నీళ్ళు పీల్చని రకం స్పాంజి కూడా దొరుకుతుంది. అయితే దానికీ ఇనుముకూ మధ్య దూరిన తేమ బయటికి పోయే దారేది? వరండా గోడ మీద మేకుకు వేలాడుతున్న బాడిస తుపానులో నిలువునా తడిసింది. గాలికి అదే ఆరింది. పైపైన పట్టిన తుప్పు కిరోసిన్ గుడ్డతో రుద్దితే పోయింది. నేను అపురూపంగా దాచినవాటికేమో నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టినా గుంటలు మిగిలాయి.

గుంటలన్నీ ఒకటి కాదు. చిత్రిక అడుగున నాలుగు గుంటలున్నా పనికి అడ్డు రాదు, అద్దం పలక మీద గరుకు కాగితం పరిచి రుద్దితే చాలు. ఉలి వెన్ను మీద, మొన దగ్గర గుంట పడితే మాత్రం ఎంత సానపట్టినా అంచులో పన్ను విరిగినట్టు గాటు వస్తూనే ఉంటుంది. అలా మూడు ఉలులు పోయాయి. కాస్ట్ స్టీల్ ఉలి వాటిలో ఒకటి.

తుపానుకు దెబ్బతిన్న తలుపులు బాగుచేయడానికి వచ్చిన పెద్ద మేస్త్రి ఆ సొరుగు చూసి, “ఇనుముకు పరుపు వేశారా బాబూ? అసలే పని లేక నిద్రపోతోంది!” అన్నారు. ఆయన పనిముట్లన్నీ గోనెసంచిలో ఉన్నాయి. ఒక డబ్బాలో నూనె గుడ్డ చుట్ట ఉంది. సంచిలో పెట్టే ముందు ప్రతిదాన్నీ దాని మీద ఒకసారి రాస్తారు. అంతే.

ఆ తర్వాత అమ్మమ్మగారింటి నుంచి టేకు భోషాణం తెప్పించుకున్నాను. లోపల సన్నటి చెక్క పట్టీలు కొట్టించి, పనిముట్లు ఒకదానికొకటి తగలకుండా, చుట్టూ గాలి ఆడేలా పెట్టాను. నూనె డబ్బా నాకూ వచ్చింది. కుట్టు మిషను నూనె వాడతాను. వంటింట్లోని వేరుశనగ నూనె రాసి చూశాను, కొన్ని నెలలకు జిగురు కట్టింది. తేమ పీల్చే నీలం గుళికలు వేస్తే వారానికే గులాబీ రంగుకు తిరిగాయి, భోషాణం మూత అంత బిగుతుగా ఉండదు మరి. మూకుడులో వేయించి ఆరబెట్టే ఓపిక లేక మానేశాను.

ఇన్నేళ్ళలో ఒక్క పనిముట్టూ పోలేదని భోషాణాన్ని కొంతకాలం తెగ పొగిడాను. ఇప్పుడు కాస్త తగ్గించి చెబుతాను. అడుగు పలక ఒకటి పుచ్చితే తక్కువలో అవుతుందని తుమ్మ చెక్క వేయించాను. తోళ్ళు పదును చేయడానికి తుమ్మ పట్ట వాడతారని తెలిసి కూడా. ఆ వగరు, చెమ్మ, ఇనుము కలిసి ఉలుల మీద నీలి నల్లటి మచ్చలు పెట్టాయి. కింద ఉన్నది కావాలంటే పైనున్నవన్నీ తీయాలి. మూత ఒకసారి బొటనవేలి మీద పడింది. మోకాలి ఆపరేషన్ అయి ఒక వానాకాలం మూడు నెలలు తెరవకపోతే రెండు రంపాలకు మచ్చలొచ్చాయి. అందుకే ఈ మంచితనం భోషాణానిదో, 15 రోజులకోసారి కూర్చుని తుడిచే నాదో కచ్చితంగా చెప్పలేను. నాకు తీరిక ఉంది, తుడవడం ఇష్టం కూడా.

మీది అనంతపురమో కర్నూలో అయితే స్పాంజి సొరుగు ఎన్నేళ్ళైనా బాగానే ఉండొచ్చు, అక్కడి గాలి వేరు. ఉన్నవి ఐదారు పనిముట్లే అయితే భోషాణమూ అక్కర్లేదు, గోడకు మేకులు కొట్టండి. చంటిపిల్లలు ఉన్న ఇంట్లో ఆ మాట కూడా చెప్పను.

ఆ స్టీలు బీరువా ఇంకా మా ఇంట్లోనే ఉంది. స్పాంజి పీకేశాక మా ఆవిడ ఊరగాయ సీసాలు పెట్టుకుంది. ఏళ్ళు గడిచినా తాళం, సొరుగులు ఇప్పటికీ కొత్తవాటిలా ఉన్నాయి. బీరువాగా దానికి వంక పెట్టలేను.