విత్తనాలు, ఎరువుల దుకాణంలో టాలీ: ఉద్దెర లెక్కకే ఎక్కువ అక్కరకొచ్చింది

మాది నర్సంపేటలో విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల దుకాణం. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ ఈఆర్పీ 9 తీసుకున్నాం. ఆ తర్వాత దాని కొత్త వెర్షన్ టాలీప్రైమ్‌కు మారాం. కొత్తగా దుకాణం పెట్టేవాళ్లు సాఫ్ట్‌వేర్ కొనేముందు బిల్లు ప్రింటు ఎట్లా వస్తుందో చూస్తుంటారు. నన్నడిగితే ముందు చూడాల్సింది ఉద్దెర లెక్క. మన దగ్గర రైతు వానాకాలం మొదట్లో పత్తి గింజలు, డీఏపీ పట్టుకపోతాడు, నడుమ నడుమ మందులు తీసుకుంటాడు, పత్తి అమ్ముడుపోయాక కడతాడు. మిర్చి రైతైతే ఇంకా ఆలస్యం. ఆ బాకీని బిల్లువారీగా చూపించని సాఫ్ట్‌వేర్ మన వ్యాపారానికి పనికిరాదు.

టాలీలో రైతు ఖాతా తెరిచేటప్పుడే బిల్‌వైజ్ (బాకీని బిల్లువారీగా చూపించే సెట్టింగ్) ఆన్ చేయాలి. ఆయన ఇరవై వేలు జమ కడితే అవి ఏ బిల్లు కింద పోవాలో ఆయన ముందే ఎంచుతాం. ఏ బిల్లు ఎన్ని రోజుల నుంచి ఆగిందో వెంటనే కనిపిస్తుంది. మిత్తి దగ్గర మాటా మాటా పెరగకుండా ఆపింది ఇదే. సండ్రీ డెటర్స్ (మనకు బాకీ ఉన్నవాళ్ల పద్దు) కింద ఊరికో గ్రూపు పెట్టుకున్నాం: దుగ్గొండి, నల్లబెల్లి, చెన్నారావుపేట, ఇట్లా. వసూలుకు ఏ ఊరికి పోతే ఆ ఊరి జాబితా ఒక్కటి ప్రింట్ తీసుకుంటాం.

ఇంకో మాట. తండాల్లో ఇంటిపేర్లు బానోతు, గుగులోతు అని కలుస్తాయి, పేర్లూ కలుస్తాయి. అందుకని ప్రతి ఖాతాకు అలియాస్ (మారుపేరు) గడిలో ఫోన్ నంబర్ వేస్తాం. బిల్లు కొట్టేటప్పుడు నంబర్ వేస్తే ఆ ఖాతానే వస్తుంది, ఒకరి బాకీ ఇంకొకరి మీద పడదు.

బ్యాచ్ వివరాలు కూడా తప్పకుండా ఆన్ చేసుకోండి. పురుగుమందుకు గడువు తేదీ ఉంటుంది, విత్తనానికి లాట్ నంబర్ ఉంటుంది. గింజ మొలవకపోతే రైతు చేతిలో ఉండే సాక్ష్యం లాట్ నంబర్ ఉన్న బిల్లే. అది ఆయన హక్కు, మనకూ రక్షణ. అంతకుముందు మేం వాడిన ఒక ఫోన్ యాప్‌లో బాకీ మొత్తం తప్ప ఇవేవీ ఎక్కవు. కిరాణా కొట్టుకు అది సరిపోతుందేమో గానీ మాకు సరిపోలేదు.

జీఎస్టీ సంగతి తొందరగా చెప్పేస్తా. నాటే విత్తనాలకు పన్ను లేదు, ఎరువులకు 5 శాతం, రసాయన పురుగుమందులకు 18 శాతం. ఐటమ్ తయారుచేసేటప్పుడే రేటు సరిగ్గా పెడితే మూడూ ఒకే బిల్లులో వస్తాయి. మనకు అమ్మినవాళ్లు ఎక్కించిన బిల్లులు చూపించే జీఎస్టీఆర్-2బీ నెలనెలా 14న వస్తుంది, దాంతో కొనుగోళ్లు సరిచూసుకోవాలి. కంపెనీవాళ్లు బిల్లు ఎక్కించకపోతే మన ఇన్‌పుట్ (కొనుగోలు మీద కట్టిన పన్ను మినహాయింపు) ఆగుతుంది.

టాలీ చేయని పనులూ ఉన్నాయి. యూరియా 45 కిలోల బస్తాలు పాస్ మిషన్‌లో (ఎరువుల అమ్మకం నమోదు చేసే మిషన్) ఆధార్‌తో అమ్మాలి. మా దుకాణంలో మిషన్ వేరు, టాలీ వేరు. పొద్దుగూకే ముందు రెండింటి నిల్వ పోల్చడం మన పనే. డేటా మన కంప్యూటర్‌లోనే ఉంటుంది కాబట్టి బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లోకి తీసి ఇంటికి తీసుకుపోవాలి. టీఎస్ఎస్ (టాలీ అప్‌డేట్ల చందా) గడువు అయిపోయినా లెక్కలు రాసుకోవచ్చు, కొత్త వెర్షన్లు మాత్రం రావు. జీఎస్టీ నిబంధనలు మారుతూనే ఉంటాయి, అందుకే దాన్ని రెన్యువల్ చేయడమే మేలు.

ఇంటి ఖర్చులు రాసుకోవడానికైతే ఇది అక్కర్లేదు, ఎక్సెల్ చాలు. దుకాణానికి అనుకుంటే మాత్రం పైసలు పెట్టకముందే ఎడ్యుకేషనల్ మోడ్‌లో చూడండి. అందులో నెలలో 1, 2, 31 తేదీలతోనే ఎంట్రీలు పడతాయి, పరీక్షించడానికి అవి చాలు. మీ దగ్గర అందరికంటే చిక్కుగా ఉన్న రైతు ఖాతా ఒకటి తీసుకుని, వాపసు ఇచ్చిన మందు డబ్బా, సగం జమ, పాత బాకీ, అన్నీ ఎక్కించి చూడండి.