ఆరుద్రను చూపించిన బైనాక్యులర్

తిరుపతిలో మా మేడ మీద లైట్ల వెలుగెక్కువ. అందుకే ఈ 10×50 (పదిరెట్లు దగ్గరగా చూపే, 50 మి.మీ. కటకాలున్న) బైనాక్యులర్ తీసుకుని చంద్రగిరి అవతల మామిడితోటకు వెళ్లాం. ఫోకస్ కాస్త చెదిరిస్తే ఆరుద్ర నక్షత్రం (బెటెల్‌గ్యూస్) నారింజరంగు బిళ్లలా విచ్చుకుంటుంది, రోహిణి నక్షత్రంతో వెలుగు పోల్చడం తేలిక. 2020 ఫిబ్రవరిలో ఇది రోహిణికన్నా మసకబారి వెలుగు కొలతలో (అంకె పెరిగేకొద్దీ మసక) దాదాపు 1.6 మ్యాగ్నిట్యూడ్‌కు పడిపోయింది. సుమారు 3,500 కెల్విన్ల నక్షత్రం, సూర్యుడికన్నా చల్లన. లోపలి వేడి ఎసరులా పొంగుతుంది. సూర్యుడి మీద ఒక్కో పొంగు వెయ్యి కిలోమీటర్లుంటే, దీని మీద కోట్ల కిలోమీటర్లు! ఆ మసకకు కారణమిదే: అక్కడ ఎగజిమ్మిన వాయువు ధూళిగా మారి అడ్డుపడింది, ఉపరితలంలో కొంత భాగం చల్లబడింది కూడా.

కళ్లద్దాలతోనే చూసిన మా నాయన "ఎర్రంగా ఉండాదే!" అన్నాడు. మెడపట్టీ మాత్రం సన్నం, ఒరుసుకుంటుంది. పది నిమిషాలకే చేతులు లాగుతాయి, ట్రైపాడ్ కొనుక్కోండి.