గంటకు రెండొందలు ఎక్కువే, కానీ వడ్లు మడిలో వదలని హార్వెస్టర్

మా పొలం హుజూరాబాద్ దగ్గర, ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాల్వ కింద. ఈ యాసంగి 1010 రకం వరి కోతకు పక్కూరి హార్వెస్టర్ ఓనర్‌ను పిలిచాను. టైర్లకు బదులు చైన్ల మీద నడిచే చైన్ మిషన్, గంటకు 3,000. మా ఊళ్లో తిరిగే బండ్లు 2,800కే వస్తాయి. ‘ఎక్కువ పెట్టి ఎందుకు పిలిచావ్’ అని చాలామంది అడిగారు కాబట్టి వివరంగా రాస్తున్నా.

ముందు డ్రైవర్ గురించి. పంజాబ్ అబ్బాయి, తెలుగు రాదు. కానీ వరి గురించి వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. మొదటి సాలు కోసి బండి ఆపాడు. దిగి వెనక్కి నడిచి, పడ్డ గడ్డిని రెండు చేతులతో ఎత్తి దులిపాడు. కింద పడ్డవి అరచేతిలో వేసుకుని ఉఫ్‌మని ఊదాడు. తాలు ఎగిరిపోయింది, నాలుగు గట్టి గింజలు మిగిలాయి. మళ్లీ ఎక్కి బ్లోయర్ (తాలును ఊదేసే ఫ్యాన్) గాలి కాస్త తగ్గించి, ఇంకో సాలు కోసి, మళ్లీ దిగి చూశాడు. ఇంత ఓపిక ఉన్న డ్రైవర్‌ను నేను వేరే చూడలేదు.

బ్లోయర్ దగ్గరే అసలు తిరకాసు ఉంది. గాలి తగ్గితే ట్రాలీలో తాలు ఎక్కువై, వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో తరుగు అని తూకంలో కోత పెడతారు. అందుకే బ్లోయర్ ఆపకుండా కోయాలని సీజన్ ముందే ఆఫీసర్లు హార్వెస్టర్ల వాళ్లకు చెబుతుంటారు. గాలి మరీ పెంచితే తాలుతో పాటు మంచి గింజ కూడా గడ్డిలోకి వెళ్లిపోతుంది. తాలైతే ట్రాలీలో కంటికి కనబడుతుంది, మడిలో పోయిన గింజ ఎవరికీ కనబడదు. అందుకే చాలామంది గాలి పెంచేసి ఊరుకుంటారు.

మడిలో పోయిన గింజ ఎంతో లెక్కపెట్టడానికి నేను ఇనుప తీగతో అడుగు చదరం చేసుకుని తిరిగాను. కోయని చేనులో ముందే రాలిన గింజలు ఒకసారి లెక్కపెట్టి, కోసిన చోట వచ్చిన లెక్కలోంచి తీసేయాలి. ఒక్క గడ్డి వరుసలోనే చూస్తే లెక్క ఎక్కువ వస్తుంది కాబట్టి గడ్డి పడ్డ చోటా, పడని చోటా చూడాలి. 1010లో వెయ్యి గింజల బరువు సుమారు 23 గ్రాములు. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. అంటే చదరపు అడుగుకు ఒక్క గింజ రాలితే ఎకరాకు కిలో పోయినట్టే! సన్న రకాలకైతే అర కిలో పైచిలుకు. మా మడిలో సగటున ముప్పై దాకా వచ్చాయి. వేరే బండితో కోయించిన పక్క మడిలో అదే తీగ వేస్తే నూరు దాటాయి. ఆ తేడా డెబ్బై కిలోలు. 2025-26లో ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389. మా మడుల్లో గంటకు ఎకరం కోస్తుంది. ఇక రెండొందల సంగతి మీరే లెక్కేసుకోండి.

ఇంకో మంచి అలవాటు, డీజిల్ మిగులుతుందని ఇంజిన్ రేజింగ్ (తిరిగే వేగం) తగ్గించడు. రేజింగ్ తగ్గితే నూర్చే డ్రమ్ము, జల్లెడ, గాలి అన్నీ ఒకేసారి మందగించి, నూర్పిడి సగంలోనే ఉండి కంకులకు గింజలు అలాగే మిగులుతాయి. నెమ్మదిగా పోవాలంటే లివర్ వెనక్కి లాగి బండి వేగమే తగ్గిస్తాడు. గాలివానకు పడిపోయిన రెండు గుంటల వరిని వాలిన దిక్కుకు ఎదురుగా, పైరును లోపలికి లాగే రీల్ కిందికి దించి కోశాడు. అక్కడ మాత్రం నడక వేగమే. టైమ్ పెరిగి బిల్లు పెరిగింది, అది నిజం.

మంచు ఆరకముందు బండి స్టార్ట్ చేయడు. పొద్దున ఆరుకే వచ్చి కూర్చున్న మా బాబాయ్ ‘వీడికేం నవాబు పనా’ అని విసుక్కున్నాడు. తడి గడ్డిలో గింజ జల్లెడ దాకా దిగకుండా గడ్డికే అంటుకుని బయటికి పోతుంది. కాబట్టి ఈ విషయంలో నా ఓటు డ్రైవర్‌కే.

ఇక బాగాలేనివి. ఓనర్ ఫోన్ ఎత్తడు, ఎత్తినా ‘రేపొస్తా అన్నా’ అంటాడు, ఆ రేపు ఎప్పుడో చెప్పడు. వర్షం టెన్షన్ ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. బండి ఒక మడి నుంచి ఇంకో మడికి పోయే టైమ్ కూడా మీటర్‌లో కలిపేస్తారు. అది ముందే మాట్లాడుకోండి. మూలలు కోయలేదు, కొడవలితో మేమే కోసుకున్నాం. ఒక ఒడ్డు కూడా తెగింది. ఓనర్‌ను అడిగితే ‘చైన్ బండి కదా అన్నా, కొంచెం ఉంటది’ అన్నాడు.

చిన్న చిన్న మడులు, ఎకరంలోపు పొలం ఉన్నవాళ్లకు ఈ బండి గిట్టుబాటు కాదు, తిరగడానికే సగం టైమ్ పోతుంది. మూడు నాలుగెకరాలు ఒక్క చోట ఉంటే పిలవొచ్చు. చేను పసుపు తిరుగుతుండగానే ఫోన్ చేసి, కొంత అడ్వాన్స్ ఇచ్చి ఉంచండి. డ్రైవర్ ఆ పంజాబ్ అబ్బాయేనా అని కూడా అడగండి. ఓనర్ రెండో బండి మీద వచ్చే డ్రైవర్ సంగతి నేను చెప్పలేను.