స్వీట్ల డబ్బాలో ఇంగ్లిష్: మూడేళ్ల వాడకం తర్వాత

మా ఆఫీసు గుంటూరు మిర్చి యార్డు పక్కనే. ఎక్స్‌పోర్ట్ మెయిల్స్ నేనే చూడాలి. చదివింది తెలుగు మీడియం. పదాలు పట్టుబడక మూడేళ్ల కిందట కార్డుల డబ్బా మొదలుపెట్టాను.

1970ల్లో సెబాస్టియన్ లైట్నర్ జర్మన్‌లో రాసి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. కిలో స్వీట్ల డబ్బాలో అట్టముక్కలతో 5 గదులు చేశాను. పాత శుభలేఖలు కోస్తే కార్డులు. ముందు ఇంగ్లిష్ మాట, వెనక అర్థం. మాట గుర్తొస్తే కార్డు తర్వాతి గదికి, రాకపోతే మళ్లీ మొదటికి. మొదటి గది రోజూ చూడాలి, చివరిది నెలకోసారి చాలు.

మొదట్లో డిక్షనరీలో కంటికి గొప్పగా కనిపించినవన్నీ ఎక్కించాను. ఆరు నెలలు దండగ. తర్వాత మైకేల్ వెస్ట్ 1953లో ప్రచురించిన తరచూ వాడే సుమారు 2,000 ఇంగ్లిష్ మాటల జాబితాకు మారాను. సగం తెలిసినవేలే అనుకున్నా. ఆ తెలిసినవే కొంప ముంచాయి.

‘ఫెయిర్’ కార్డు వెనక ‘తెల్లని’ అని రాసుకున్నాను (పెళ్లి ప్రకటనల పుణ్యం). ఓ రోజు సరుకు కొనే పార్టీ మా తేజ రకం మిర్చి శాంపిల్ చూసి ‘క్వాలిటీ ఫెయిర్’ అని మెయిల్ పెట్టాడు. కాయ తెల్లబడింది, తాలు కలిసింది అంటున్నాడనుకుని షావుకారుకు ఫోన్ చేశా. ఆయన కోల్డ్ స్టోరేజీకి పరుగెత్తి రెండు టిక్కీలు (మిర్చి బస్తాలు) విప్పించారు. కాయ ఎర్రగా నిగనిగలాడుతోంది. పార్టీ అన్నది సరుకు ఫరవాలేదనే. “ఆ డబ్బాలో స్వీట్లున్నప్పుడే నయంరా” అన్నారు షావుకారు.

అప్పటినుంచి కార్డు వెనక ఒంటి అర్థం రాయడం మానేశాను. మెయిల్లో వచ్చిన వాక్యం మొత్తం ఎక్కిస్తాను. ఫెయిర్‌కే ఇప్పుడు మూడు కార్డులు.

చదవడానికి ఈ డబ్బాకు తిరుగులేదు. మాట్లాడేటప్పుడు మాత్రం అంత సాయం చేయదు. ‘బిగ్’ తెలుసు, ‘రెయిన్’ తెలుసు. ఫోన్లో ‘బిగ్ రెయిన్’ అనేశాను. మనకు వాన పెద్దది, వాళ్లకేమో బరువైంది! ఏ మాట పక్కన ఏది కూర్చుంటుందో విడి కార్డు చెప్పదు. పైగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సీజన్. డబ్బా ముట్టడానికి తీరదు, మొదటి గది పేరుకుపోతుంది.

ఇంగ్లిష్ పేపరు, నవల సాయం లేకుండా చదవాలంటే 8,000 నుంచి 9,000 పదకుటుంబాలు (ఒక మాట, దాని రూపాలు కలిపి ఒక కుటుంబం) కావాలని భాషా పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో లెక్కగట్టారు. నేను 1,400 దగ్గరున్నాను. అయిదో గది నిండిపోయి చెప్పుల డబ్బాలోకి మారింది.