పాత డీజిల్ ఇన్నోవా: విశాఖ ఉప్పుగాలికి, అరకు ఘాట్‌కి తట్టుకునే బండేనా?

ఇప్పటివరకు తయారైన కార్లన్నిటిలో అత్యంత నమ్మదగినది ఏది అన్న వాదన విశాఖపట్నంలో మొదలైతే, అది కాసేపటికే టయోటా ఇన్నోవా దగ్గరికి వచ్చి ఆగుతుంది. రైల్వే స్టేషన్ ఎదుట నిలబడే ట్రావెల్స్ డ్రైవర్లను అడిగినా, గాజువాక ఆటోనగర్ మెకానిక్కులను అడిగినా దాదాపు అదే పేరు వినిపిస్తుంది. వారి తీర్పును నేను చాలావరకు ఒప్పుకుంటాను గాని, అందుకు వారు చూపే కారణాన్ని పూర్తిగా ఒప్పుకోలేను. ఇంజన్ చెడదు కాబట్టి గొప్ప బండి అని వారంటారు; సముద్రం పక్కనున్న ఈ ఊళ్ళో కారు ఆయుష్షును తేల్చేది ఇంజన్ కంటే ఎక్కువగా దాని అడుగున ఉన్న ఇనుమే అని నా అభిప్రాయం. ఇక్కడ నేను సమీక్షిస్తున్నది 2005లో మన మార్కెట్లోకి వచ్చి, 2016లో తన తరువాతి తరమైన ఇన్నోవా క్రిస్టాకు చోటిచ్చి తప్పుకున్న 2.5 లీటర్ల డీజిల్ ఇన్నోవాను మాత్రమే.

ముందుగా ఇంజన్ సంగతి. 2494 సీసీల పరిమాణం ఉండి కూడా అది ఇచ్చేది సుమారు 102 హార్స్‌పవర్ మాత్రమే. దాని తరువాత వచ్చిన క్రిస్టాలో ఇంతకంటే చిన్నదైన 2393 సీసీల ఇంజన్ నుంచి దాదాపు 150 హార్స్‌పవర్ రాబట్టారు. కాగితం మీద పాతది వెనుకబడినట్లు కనిపిస్తుంది గాని, లోహం చేయగలిగిన పనిలో కొంత భాగమే చేయించుకుని మిగతాది అట్టే పెట్టిన ఇంజన్ ఎక్కువకాలం నిలవడంలో ఆశ్చర్యం లేదు. ఆయిల్, ఫిల్టర్లు వేళకు మారుస్తూ, ఇంజన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే టైమింగ్ బెల్టును గడువు దాటనివ్వకుండా చూసుకుంటే చాలు. క్రిస్టాలో బెల్టుకు బదులు చైన్ ఉంది కాబట్టి ఆ ఒక్క విషయంలో కొత్తదే మేలు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు ఇంజన్ శబ్దం విని మురిసిపోయేముందు, బెల్టు ఎప్పుడు మార్చారో తెలిపే బిల్లును అడగడం మంచిది.

ఈ బండి అసలు విలువ శృంగవరపుకోట దాటి, అరకు దారిలోని అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది. ఎనిమిది మంది, పైన సామాను, వానకు తడిసిన మలుపు రోడ్డు. ఇటువంటి చోట బరువంతా వెనక్కి ఒరుగుతుంది. ముందు చక్రాలతో నడిచే కార్లకు అప్పుడు ముందు భాగం తేలికై పట్టు తగ్గుతుంది, ఇన్నోవాకు వెనుక చక్రాలే బండిని నెడతాయి కాబట్టి అదే బరువు పట్టును పెంచుతుంది. తక్కువ వేగంలోనే లాగుడు అందడం వల్ల క్లచ్ మీద నిలబెట్టి ఇంజన్‌ను అరిపించవలసిన అవసరమూ పెద్దగా రాదు. దిగేటప్పుడు మాత్రం బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చోకుండా, ఎక్కిన గేరులోనే దిగాలి. ఇది తెలియని డ్రైవర్ చేతిలో ఏ బండి అయినా ఒకటే.

ఇక తుప్పు. బీచ్ రోడ్డు మీదా, రుషికొండ, భీమిలి వైపునా కార్లు పెట్టుకునేవారికి దీని గురించి వేరే చెప్పనక్కరలేదు. గాలిలోని ఉప్పు తేమతో కలిసి ఇనుము మీద పొరలా నిలిచి, తుప్పు వేగాన్ని పెంచుతుంది. ఇప్పటి కార్లలో చాలావాటికి విడిగా ఛాసిస్, అంటే బాడీని మోసే ఇనుప చట్రం, ఉండదు. తలుపుల కింది పట్టీలు, నేల రేకులే బండి బలం. అవి తుప్పు పట్టి చిల్లులు పడితే బలమే పోయినట్లు లెక్క. ఇన్నోవాలో మందమైన నిచ్చెనలాంటి ఛాసిస్ మీద బాడీ కూర్చుంటుంది కాబట్టి, తలుపు అంచు తుప్పు పట్టినా అది ముందుగా అందానికి సంబంధించిన సమస్యే. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఆ ఛాసిస్ లోపల బోలుగా ఉండటంతో ఉప్పునీరు, బురద లోపల చేరి బయటికి కనిపించకుండా తినేయగలవు. పైన కొత్తగా నల్లరంగు కొట్టి అమ్మకానికి పెట్టిన బండిని చూస్తే నాకు నమ్మకానికి బదులు అనుమానమే ఎక్కువ కలుగుతుంది. కొనేముందు బండిని లిఫ్టు మీదికి ఎక్కించి, వెనుక చక్రాల పైభాగంలోనూ, అతుకుల దగ్గరా స్క్రూడ్రైవర్‌తో గట్టిగా నొక్కి చూడాలి. కొన్న తరువాత అడుగు భాగాన్ని మంచినీటితో తరచుగా కడిగించాలి. పై మెరుగుకు పెట్టే ఖర్చులో సగం ఇక్కడ పెడితే చాలు.

పోటీలో అంబాసిడర్ పేరు చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు. 2014లో తయారీ ఆగిపోయిన ఆ బండి తరచుగా చెడేది, ఎక్కడైనా బాగయ్యేది. అది మెకానిక్ గొప్పతనమే తప్ప బండి గొప్పతనం కాదు. 1983లో వచ్చిన మారుతి 800 మాత్రం గట్టి పోటీదారు. 796 సీసీల ఆ చిన్న ఇంజన్ తన శక్తికి మించిన పని చేస్తానని ఎన్నడూ చెప్పలేదు. ప్రపంచ స్థాయిలో చెప్పుకుంటే, థెస్సలోనికిలో 46 లక్షల కిలోమీటర్లు తిరిగి మెర్సిడెస్ మ్యూజియానికి చేరిన 240డి టాక్సీ ఉంది. అమెరికాలో ఒకే యజమాని చేతిలో 30 లక్షల మైళ్ళు దాటిన 1966 నాటి వోల్వో పి1800 ఉంది. ఇవి ఒక్కొక్క యజమాని ఓపికకు రుజువులు. ఇన్నోవా ఘనత వేరు: ఎందరెందరో డ్రైవర్లు, ఎవరి తీరున వారు తోలినా బండి నిలబడింది.

అయితే నమ్మదగినది అంటే అన్నింటా ఉత్తమమైనది అని కాదు. తొలి సంవత్సరాల కింది వేరియంట్లలో ఎయిర్‌బ్యాగులు లేవు, ఈ లోటును ఏ మెకానిక్కూ తీర్చలేడు. పిల్లలతో హైవే మీద తరచుగా తిరిగే కుటుంబానికి ఆ వేరియంట్లను నేను సిఫారసు చేయను. పూర్ణా మార్కెట్ సందుల్లో దీన్ని తిప్పడం కూడా శిక్షే. ఒకరిద్దరు ఊళ్ళో తిరగడానికే అయితే చిన్న పెట్రోల్ కారు చాలు. పెద్ద కుటుంబం, కొండల ప్రయాణాలు, ఎక్కువకాలం ఉంచుకోవాలన్న ఉద్దేశం ఉన్నవారు మాత్రం ఎయిర్‌బ్యాగులున్న వేరియంట్‌ను, సర్వీసు బిల్లులున్న సొంత వాడకపు బండిని వెతుక్కోవాలి. మీటరులో రెండు లక్షల కిలోమీటర్లు కనిపించినా ఛాసిస్ శుభ్రంగా ఉంటే తీసుకోవచ్చు. యాభై వేలే కనిపించి అడుగున తుప్పు పొరలు రాలుతుంటే అక్కడితో బేరం ఆపేయాలి.